సైకిలు దిగి నడిచిన బెజవాడ

మా చిన్నతనంలో బెజవాడ కుర్రాళ్లకు సైకిలు తొక్కడం వస్తే చాలదు, దిగడం కూడా రావాలి. తొక్కడం నేర్పడానికి నాన్నో, అన్నయ్యో, పక్కింటి బాబాయో వెనక క్యారియరు పట్టుకుని పరిగెత్తేవారు. దిగడం మాత్రం ఊరే నేర్పింది. కాళేశ్వరరావు మార్కెట్టు దగ్గరపడగానే దిగాలి. కాలవ మీది ఇరుకు వంతెన ఎక్కబోయే ముందు దిగాలి. శవం ఎదురైతే దిగి, పక్కకు తప్పుకుని, సాగిపోయేదాకా నిలబడాలి. చదువు చెప్పిన మాస్టారు నడిచొస్తూ కనబడితే దిగి నమస్కారం పెట్టాలి. పండగ ముందు రోజుల్లో బీసెంట్ రోడ్డుకి ఈ చివర దిగితే ఆ చివరకు వెళ్లాకే మళ్లీ ఎక్కాలి. ఇవేవీ ఏ బోర్డు మీదా రాసి ఉండేవి కావు. దిగనివాణ్ణి మాత్రం నలుగురూ ఒక్కసారే కేకలేసేవారు: "ఏరా అబ్బాయ్, జనం కనబడ్డంలా?"

దిగిన మనిషి సైకిలుకి ఎడమవైపున ఉంటాడు. ఎడం చెయ్యి హ్యాండిలు మీద, కుడి చెయ్యి సీటు మీద. రోడ్డుకి ఎడమ అంచున నడుస్తాడు గనక నడిచే జనం అతని పక్కనే ఉంటారు. పెడళ్లూ చైనూ మట్టీ మసీ అన్నీ అవతలివైపు, బళ్లు తిరిగేవైపు ఉంటాయి. ఎవరి చీర కొంగూ పెడలుకు తగిలేది కాదు, ఎవరి పంచే చైనులో పడేది కాదు. ఎవరూ ఆలోచించి కనిపెట్టిన పద్ధతి కాదిది. ఎడమవైపున దిగడం అలవాటు, ఎడమ అంచున పోవడం అలవాటు. రెండు అలవాట్లు కలిసి నడిచేవాళ్లకి రక్షణ అయ్యాయి. ఇన్నేళ్ల తర్వాత తలుచుకుంటే, ఆ రోజుల్లో సైకిళ్ల రద్దీలో జనం నిశ్చింతగా నడిచారంటే సగం కారణం ఇదేననిపిస్తుంది. దిగిన క్షణం నుంచి అతనూ నడిచేవాడే. పొద్దున నడిచి గుడికి వెళ్లినవాడే మధ్యాహ్నం డ్యూటీకి సైకిలెక్కేవాడు. ఇద్దరి అవస్థా ఒక్కడికే తెలుసు.

అప్పటి సైకిళ్లు బరువైనవి. నల్లటి పెద్ద చట్రం, 28 అంగుళాల చక్రాలు, తీగలకు బదులు ఇనుప ఊచలతో పనిచేసే బ్రేకులు. మొత్తం 20 కిలోల దాకా తూగేవి. మద్రాసు అంబత్తూరులో తయారైన హెర్క్యులస్, సోనీపట్ నుంచి వచ్చిన అట్లాస్, లూధియానా హీరో, ఏ అదృష్టవంతుడి ఇంట్లోనో పాత ర్యాలీ. వాటిని ఎంత తొక్కినా ఊళ్లో గంటకు 12 కిలోమీటర్లకు మించి పోవడం కష్టం. 12 అంటే సెకనుకు 3 మీటర్ల పైచిలుకు. నడిచే మనిషి వేగం దానిలో మూడోవంతుకు కాస్త ఎక్కువే. ఒకరి ముఖం ఒకరు చూసుకోవడానికి, ఎటు తప్పుకోవాలో ఇద్దరూ తేల్చుకోవడానికి ఆ తేడాలో వ్యవధి ఉండేది.

వాటి మీద ఏం వెళ్లేది కాదని! లోకోషెడ్డు కార్మికులు షిఫ్టు మారే వేళ గుంపులుగా కదిలేవారు. పాలవాళ్ల క్యానులు రెండు పక్కలా వేలాడుతూ ఉండేవి. బెజవాడ పుస్తకాల ఊరు కదా, అచ్చయిన ఫారాల కట్టలు ప్రెస్సు నుంచి బైండింగు వాళ్ల దగ్గరికి సైకిలు క్యారియరు మీదే ప్రయాణం చేసేవి. ఆ కట్టలు తీసుకెళ్లే కుర్రాళ్లు సీటు మీద కూర్చోవడం నేను చూడలేదు. కట్ట మీద చెయ్యేసి, పసిపిల్లను నడిపించినట్టు, ఏలూరు రోడ్డు పొడుగునా మెల్లగా నడిపించుకుపోయేవారు. వానొస్తే ముందు ఆ కట్టకే గోనెపట్టా కప్పేవారు. తెలుగునాట ఇళ్లకు చేరిన ఎన్ని నవలలు, ఎన్ని పాఠ్యపుస్తకాలు అలా జనం మధ్య నడిచి వెళ్లాయో.

బెజవాడకు మూడు కాలవలు: ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ. కృష్ణ మీద 1855 నాటికి ఆనకట్ట పూర్తయ్యాక వచ్చిన కాలవలివి. పొలాలకు నీళ్లతోపాటు పడవలూ వాటిమీద నడిచేవి. ఏలూరు దగ్గర గోదావరి కాలవలతో కలిసి, ఇటు కొమ్మమూరు, బకింగ్‌హాం కాలవల మీదుగా కాకినాడ నుంచి మద్రాసు దాకా నీటిదారి ఉండేది. గాలి లేనప్పుడు పడవల్ని మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. కాలవ గట్టు మీద దారి ఏర్పడింది అలా, ఆ మనుషుల పాదాల కింద. మా నాన్నగారి తరంలో ఆ గట్ల మీద సైకిళ్లు వచ్చాయి. ఎదురుగా తాడు లాగేవాళ్లు వస్తుంటే సైకిలువాళ్లు దూరంలోనే దిగి, గట్టుకి లోపలి వైపు ఒదిగి, తాడు తలమీదుగా దాటేదాకా వంగి నిలబడేవారని ఆయన చెప్పేవారు. బరువు లాగేవాడిదే ముందు హక్కు. ఆ తర్వాత నెత్తిన గంప ఉన్న మనిషిది. ఆ తర్వాత ఉత్తచేతులతో నడిచేవాడిది. సైకిలుది అందరికంటే ఆఖరు. దారిని పంచుకోవడంలో ఇంతకన్నా న్యాయమైన వరస నాకు ఈనాటికీ తెలీదు.

మాకు ఊహ తెలిసేసరికి పడవలు పలచబడ్డాయి. గట్టు మిగిలింది. రావిచెట్లూ, నీళ్లలోకి దిగే మెట్లూ, బట్టలుతికే చప్పుళ్లూ, మధ్యలో చక్రాలకూ పాదాలకూ నలిగి గట్టిపడ్డ మట్టిదారి. పాదాలు నీటివైపు, చక్రాలు రోడ్డువైపు అని ఎవరూ గీత గీయలేదు. వానాకాలంలో మాత్రం ముందు హక్కు వరస మారేది. బురదలో చక్రం జారుతుంది గనక సైకిలువాళ్లకు నడుమ మిట్ట వదిలేసి, నడిచేవాళ్లే చెట్ల మొదళ్ల పక్కనుంచి పోయేవారు.

ఇక గంట. ఇప్పుడు కొత్త సైకిళ్లకు గంట ఉంటే అది ప్లాస్టిక్కుది, టిక్కుమంటుంది. పాత గంట మెరిసే నికెల్ చిప్ప. మూత విప్పితే లోపల బొటనవేలితో నొక్కే మీట, దానికి పళ్లచక్రం, చక్రంతో తిరిగే రెండు వదులు బిళ్లలు కనిపిస్తాయి. మీట నొక్కితే బిళ్లలు తిరుగుతూ చిప్పను లోపలినుంచి కొడతాయి. దానికి ఏడాదికోసారి కొబ్బరినూనె చుక్క వేయాలి. ఎక్కువ వేస్తే దుమ్ము పట్టి గొంతు బొంగురుపోతుంది. గంట కొట్టడంలోనూ తేడాలుండేవి. దూరాన వెళ్లే మనిషికి ఒక్క సగం నొక్కు, "వస్తున్నాను" అని. ముసలివాళ్లకు రెండు నిండు నొక్కులు, ఆపైన నోటిమాట. పిల్లల మధ్యలో గంట కొట్టకూడదు, బెదిరి అడ్డంగా పరిగెడతారు. అక్కడ నోరే వాడాలి. "జరగమ్మా, వెనకాల సైకిలు." "బాబాయ్, ఎడంపక్కకి." "పిన్నిగారూ, అక్కడే ఉండండి, నేను తప్పించుకుంటా." ఆ చివరి మాట నాకు చాలా ఇష్టం. భయపడి అటూ ఇటూ కదిలే మనిషిని నిలబెట్టి, తప్పించుకునే భారం తన మీద వేసుకునే మాట అది. హారన్‌కి ఆ మాట రాదు.

రాత్రిళ్లు దీపం లేకుండా తొక్కితే పోలీసులు పట్టుకునేవారు. చక్రంలో గాలి తీసేసి పంపేవారు, ఒక్కోసారి కేసు రాసేవారు. ఒక సైకిలు మీద ఇద్దరెక్కినా అంతే. మొదట్లో ముందు తగిలించే కిరసనాయిలు దీపాలు, తర్వాత డైనమో. డైనమో టైరుకి ఆనుకుని తిరుగుతూ గుయ్యిమనేది. వేగంగా తొక్కితే వెలుగు తెల్లబడేది, నెమ్మదిస్తే ఎర్రగా మినుకుమనేది. వీధిదీపాల్లేని సందుల్లో నడిచేవాళ్లకు ఆ రొదే హెచ్చరిక, ఆ వెలుగు రంగే వేగం చెప్పే గుర్తు. తెల్లగా వస్తుంటే గోడపక్కకు తప్పుకునేవారు. ఎర్రగా మినుకుమంటుంటే ఎవరో అలిసిపోయి ఇంటికొస్తున్నాడని తెలిసేది.

మున్సిపాలిటీకి సైకిలు పన్ను కట్టాలి. కట్టినట్టు గుర్తుగా సంవత్సరం, నంబరు చెక్కిన రేకు బిళ్ల ఇచ్చేవారు. కట్టని సైకిళ్లను పట్టుకుపోయే రోజున ఏ సందులోంచి తప్పించుకోవాలో ఊరంతా ఒకరికొకరు చెప్పుకునేవారు. పేదవాడి బండి మీద ఆ పన్ను నిజానికి భారమే. అయినా ఒకటుంది. ఊళ్లో ఎన్ని సైకిళ్లున్నాయో మున్సిపాలిటీకి తెలిసేది, సైకిలువాడు లెక్కలో ఉన్న మనిషి. బిళ్లతోపాటు ఆ లెక్కా పోయింది.

సొంత సైకిలు లేనివాళ్లకు అద్దె షాపులు, అవే సైకిల్ ట్యాక్సీలు. గంటల లెక్కన ఇచ్చేవారు. మడ్‌గార్డు మీద తెల్ల రంగుతో షాపు పేరూ నంబరూ రాసి ఉండేవి. పిల్లల కోసం చిన్న సైకిళ్లూ ఉండేవి. పెద్ద సైకిలైతే బారు కిందనుంచి కాలు దూర్చి, ఒంటి పక్కగా వేలాడుతూ తొక్కేవాళ్లం. సినిమా హాళ్లకు వెళితే అలంకార్, అప్సర, లీలామహల్, ఎక్కడైనా సైకిళ్ల స్టాండే పెద్దది. ఆట వదిలాక వందల సైకిళ్లు ఒకేసారి గేటులోంచి బయటికొచ్చేవి, ఆడవాళ్లూ పిల్లలూ నడిచి వచ్చే గేటూ అదే. రోడ్డు మీదికి వచ్చేదాకా ఎవరూ ఎక్కేవారు కాదు. చీకట్లో సీట్లు తడుముకుంటూ, సినిమా గురించి మాట్లాడుకుంటూ, సైకిళ్లూ మనుషులూ కలగలిసి ఆ సందు దాటేవారు.

ఆ రోజుల్లో తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ చూసి తీరాలి. 1957లో పూర్తయిన బ్యారేజీ అది, 70 గేట్లు, 1,223 మీటర్ల పొడవు. అప్పట్లో మద్రాసు వైపు వెళ్లే బస్సులూ లారీలూ కూడా దాని మీదుగానే పోవాలి. అయినా నాలుగింటి నుంచి ఆరింటి దాకా అది సైకిళ్లదీ పాదచారులదీ. ఉండవల్లి, పెనుమాక, సీతానగరం వైపు నుంచి పూలబుట్టలు, ఆకుకూరల మూటలు, పాలు. కొండమీద అమ్మవారి దర్శనానికి నడిచొచ్చే ఆడవాళ్లు. ఏటిగాలి కొట్టినప్పుడు పూలబుట్ట కట్టిన సైకిలు పక్కకు తూలుతుంది. తూలుతుందని నడిచేవాళ్లకు తెలుసు గనక గాలి వచ్చే పక్కన నడిచేవారు, అవతలి పక్క దానికి వదిలేసేవారు. 1980 పుష్కరాలప్పుడు ఆ వంతెన మీద ఇసుకేస్తే రాలని జనం. సైకిలువాళ్లు వంతెన పొడుగునా దిగే నడిచారు.

ఇలా చెప్పుకుంటూ పోతే ఆ రోజులన్నీ బంగారమనిపిస్తుంది. కాదు. సైకిలు దిగడమనేది అందరికీ ఒకటిగా లేదు. మన ఊళ్లలో పెద్ద కులాల వీధిలోకి దళితుడు సైకిలెక్కి రాకూడదన్న కట్టుబాటు ఎన్నిచోట్ల ఉండేదో, దాన్ని ధిక్కరించినందుకు ఎందరు దెబ్బలు తిన్నారో ఆ తరం వాళ్లను అడిగితే చెబుతారు. అక్కడ దిగడం మర్యాద కాదు, అవమానం. అందుకే బెజవాడకు పనికోసం వచ్చిన ఎందరికో ఇక్కడ ఏ వీధిలోనైనా సైకిలెక్కి పోగలగడమే మొదటి స్వేచ్ఛ. జనం ఉన్నారని దిగడం వేరు, ఫలానా కులం వాళ్ల గుమ్మమని దిగడం వేరు. మొదటిది పోయిందని నా బాధ. రెండోది పోవలసిందే, అది ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే ఈ క్షణాన పోవాలి. ఆడపిల్లల సంగతీ అలాంటిదే. మారిస్ స్టెల్లా కాలేజీకి సైకిలు మీద వెళ్లే అమ్మాయిల వెనక పడే కుర్రాళ్లకు ఏ మర్యాదా గుర్తొచ్చేది కాదు. ఆ అమ్మాయిలు గుంపుగా వెళ్లేది సరదాకి మాత్రమే కాదు.

దెబ్బలూ తగిలేవి. బ్రేకు కట్టలు అరిగిన సైకిలు వచ్చి గుద్దితే మోకాలు దోక్కుపోయేది, కూరల సంచి చిందరవందరయ్యేది, నాలుగు తిట్లు పడేవి. తిట్టినవాళ్లే పక్క కొట్లో మంచినీళ్లు తెచ్చి ఇచ్చేవారు. ఆ గొడవ అక్కడితో సరి, ఎందుకంటే గుద్దినవాడూ కిందపడేవాడు.

ఇదంతా ఏ ఒక్క రోజునో పోలేదు, మోటార్లు ఒక్కొక్కటిగా వచ్చి తీసుకుపోయాయి. బెజవాడ ఆటోనగర్ పేరు దేశమంతా తెలిసింది, లారీలకు బాడీలు కట్టడంలో మన పనివాళ్లను మించినవాళ్లు లేరు. 1980లో టీవీఎస్ 50 వచ్చింది. పాలక్యానులు దానిమీదికెక్కాయి. మరో ఐదేళ్లకు వందకిలోమీటర్ల దూరం లీటరున్నరలోపే పోయే మోటారుసైకిళ్లు వచ్చాయి. ఎండలో చెమటోడ్చి తొక్కిన మనిషి బండి కొనుక్కుంటే తప్పు పట్టలేం. మా ఇంట్లోనూ అదే జరిగింది. తప్పు రోడ్లు వేసినవాళ్ల దగ్గర జరిగింది. బండ్ల కోసం రోడ్డు వెడల్పు చేసిన ప్రతిసారీ ఆ వెడల్పు గట్టు నుంచీ, అరుగుల నుంచీ, నడకదారి నుంచీ వచ్చింది. 1995లో కనకదుర్గ వారధి వచ్చి లారీలు అటు మళ్లాక బ్యారేజీకి ఊపిరాడింది గాని, అప్పటికే సైకిళ్లు పలచబడ్డాయి. అద్దె షాపులు పంక్చరు షాపులయ్యాయి. హాళ్ల స్టాండుల్లో సైకిలుకు చోటు లేదన్నారు.

ఇప్పుడు మిగిలిన వాళ్లెవరు? రాత్రి కాపలా కాసి పొద్దున ఇంటికెళ్లే వాచ్‌మన్, తాపీపనికి వెళ్లే మేస్త్రీ, ఇడ్లీలమ్మే పెద్దాయన. తెల్లవారుజామున హెల్మెట్లు పెట్టుకుని గేరు సైకిళ్ల మీద వెళ్లే కుర్రాళ్లు, వాళ్లనీ నేను సంతోషంగానే చూస్తాను. వీళ్లందరూ, నడిచేవాళ్లూ, కార్లు వదిలేసిన గజమో రెండు గజాలో ఉన్న అంచులో ఒకరినొకరు రాసుకుంటూ పోవాలి. అక్కడే ఇద్దరికీ తగాదా. దారి లాక్కున్నవాడు మధ్యలో దూసుకుపోతుంటే, పోగొట్టుకున్న ఇద్దరూ అంచున నిలబడి కీచులాడుకుంటున్నారు. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్రప్రభుత్వ లెక్క. అందులో నడిచిపోతున్నవాళ్లే 32,825 మంది. ఆ కుటుంబాల్లో ఒక్కరైనా సైకిలు వచ్చి గుద్దడం వల్ల ఏడుస్తున్నారా అని చూస్తే, చాలా కొద్దిమందే దొరుకుతారని నా నమ్మకం.

చట్టం లేక కాదు. నడకదారి మీదా సైకిలు దారి మీదా మోటారు వాహనం నడపకూడదని 1989 నాటి రోడ్డు నిబంధనల నుంచే ఉంది. నడకదారికి కనీసం 1.8 మీటర్ల ఖాళీ వెడల్పు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. 2025 మే నెలలో సుప్రీంకోర్టు పాదచారులకు నడకదారి ఉండటం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. మన వీధిలో ఆ 1.8 మీటర్లు కొలిచి చూస్తే అందులో ట్రాన్స్‌ఫార్మరూ, బళ్లూ, షాపు మెట్లూ ఉంటాయి.

చేస్తే అయ్యే పనే. విశాఖలో రామకృష్ణా బీచ్ రోడ్డు మీద రోజూ తెల్లవారుజామున కొద్ది గంటలు మోటారు బళ్లు ఆపేస్తారు. ముసలివాళ్లు నడుస్తారు, పిల్లలు సైకిళ్లు తొక్కుతారు, స్కేటింగు చేస్తారు. మధ్యలో ఏ గీతా అక్కర్లేకుండానే ఒకరినొకరు తప్పుకుంటారు. హైదరాబాదులో 2023లో అవుటర్ రింగురోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు, పైన సౌర ఫలకాల కప్పు. వ్యాయామానికి గొప్ప దారి అది, చూసి ముచ్చటపడ్డాను. కాని కూరలకు వెళ్లే మనిషికీ, బడికి వెళ్లే పిల్లకీ కావలసింది ఇంటి ముందు నుంచి మార్కెట్టు దాకా దారి. దానికి కప్పు లేకపోయినా ఫరవాలేదు.

కొత్తగా ఇంకో చిక్కు వచ్చింది. 250 వాట్ల లోపు మోటారుతో, 25 కిలోమీటర్ల వేగం దాటని ఎలక్ట్రిక్ బండికి రిజిస్ట్రేషనూ అక్కర్లేదు, లైసెన్సూ అక్కర్లేదు. 25 అంటే పాత నల్ల సైకిలుకి రెట్టింపు వేగం, పైగా చప్పుడు లేదు. దాన్ని నడిచేవాళ్ల మధ్యకు వదిలితే ప్రమాదమే. దాని దారి బళ్లతో ఉండాలి.

బెజవాడ కాలవ గట్లు ఇంకా ఉన్నాయి. కొన్నిచోట్ల కంచె వేశారు, కొన్నిచోట్ల పార్కులు కట్టారు, కొన్నిచోట్ల చెత్త పోస్తున్నారు. ఆ గట్లను ఈ చివర నుంచి ఆ చివర దాకా కలిపి, మోటారు రాకుండా రెండు వైపులా రాళ్లు పాతి, నడిచేవాళ్లకూ సైకిళ్లకూ ఇవ్వమని కార్పొరేషన్‌ను అడగాలి. వంతెనల దగ్గరా, బడుల దగ్గరా, ఇరుకైన చోటల్లా "ఇక్కడ సైకిలు దిగి నడవండి" అని రాయించాలి. వార్డు సభల్లో ఈ మాట ఎత్తండి, ఎన్నికలప్పుడు గుమ్మంలోకి వచ్చినవాళ్లని అడగండి. ఈలోగా మీ పిల్లకో పిల్లవాడికో సైకిలు కొంటే, మోగే గంట ఉన్నది కొనండి. జనం ఉన్నచోట దిగడం దగ్గరుండి నేర్పండి.